సీరియల్ చేను

సుబ్బరత్నమ్మ టీవీ కొన్నది చూడ్డానికి కాదు, చెనక్కాయలు ఒలిపించుకోవడానికి. కంబదూరు దగ్గర ఆ పల్లెలో ఈ మాట ఎత్తితే ఇప్పటికీ పగలబడి నవ్వుతారు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. ఆవిడ లెక్క ఆవిడకుంది.

ఆ సీమలో చెనక్కాయ అంటే వేరుశెనగ. దాని విత్తనం ఆడవాళ్ళ పెత్తనం. మగవాడు ఎద్దుల్ని మేపుకుంటాడు, విత్తనం వేసే గొర్రు బాగుచేసుకుంటాడు, మబ్బుల వంక చూసి తిట్టుకుంటాడు. విత్తనం మాత్రం ఇంటి ఇల్లాలి చేతిలోంచే చేనికి పోవాలి. ఎండాకాలం చివర్లో మూట విప్పి, కాయను బొటనవేలితో ముక్కు దగ్గర నొక్కి, లోపలి గింజ మీద ఎర్రపొర చెదరకుండా బయటికి తియ్యాలి. పొర చిట్లినా, గింజ మొన విరిగినా అది గానుగకు పనికొస్తుందే గానీ నేలకు పనికిరాదు. మిషన్లో పోస్తే సగం బద్దలైపోతాయని చేత్తోనే ఒలుస్తారు. అది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని ఆడవాళ్ళు ఒకరి కాయలకు ఒకరు పోయి కూర్చునేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊళ్ళోకి కేబుల్ వైరు వచ్చింది. దాంతో ఈ బదులు పద్ధతి చెడింది. పొద్దు వాలితే చాలు, ఆడవాళ్ళంతా టీవీ ఉన్న నాలుగిళ్ళ ముందు చేరేవాళ్ళు. "కాయలుండాయి, రాండే" అని పిలిస్తే "ఈ సీరియల్ అయిపోనీ అక్కా" అనేవాళ్ళు. అది అయిపోయేసరికి ఇంకోటి మొదలయ్యేది. సీరియల్ అన్నాక అయిపోవడమనేది ఉంటుందా?

సుబ్బరత్నమ్మకు నలభై దాటాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఒకటి అనుకుంటే అది చేసేదాకా తను నిద్రపోదు, పక్కవాళ్ళను పోనివ్వదు. 'వీళ్ళు నా ఇంటికి రాకుండా టీవీ దగ్గరికి పోతున్నారు కదా, ఆ టీవీనే నా ఇంటికి తెస్తే?' అనుకుంది. ఆ ఏడు పంట బాగా వచ్చింది. మొగుడు బయ్యన్న కొత్త ఎద్దును తెద్దామన్నాడు. ఆయన నెమ్మదస్తుడు, పది మాటలకు ఒక మాట మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాటా ఇంట్లో చెల్లలేదు. ఎద్దుకు బదులు కళ్యాణదుర్గం నుంచి కలర్ టీవీ వచ్చింది.

వచ్చిన మొదటి సాయంత్రమే ఆవిడ గుమ్మంలో నిలబడి చట్టం చెప్పింది.

"చేట పట్టినోళ్ళకే చాప! కాయలు వొలుస్తా చూడల్ల. ఉత్తచేతుల్తో వచ్చినోళ్ళు వచ్చిన దోవనే పోవచ్చు."

ఎవరూ పోలేదు. చేటలో కాయలు పోసి ఇస్తే ఒళ్ళో పెట్టుకుని చాపల మీద సర్దుకున్నారు. తలుపు దగ్గర సిద్దమ్మవ్వ కూర్చునేది. ఆమెకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు, బొమ్మ సరిగ్గా ఆనదు. మాటలు వింటూ కూర్చునేది. గోడవారగా పక్కింటి రహమత్‌బీ. ఆమె మొగుడు హుస్సేన్ బాషా ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. రహమత్‌బీకి నోరు ఊరుకోదు. టీవీలో అత్తను తిడుతూ, కోడలికి బుద్ధులు చెబుతూ, మధ్యలో రెండు గింజలు నోట్లో వేసుకుంటూ ఒలిచేది. మిగతావాళ్ళు వీళ్ళ మధ్య సర్దుకునేవాళ్ళు. టీవీకి ఎదురుగా, అందరికంటే ముందు, ఇంటావిడ సుబ్బరత్నమ్మ.

చెప్పొద్దూ, ఆవిడ తనకు తాను తవ్వుకున్న గోతికి మొదటి గడ్డపార పోటు అదే. పనివాళ్ళ కోసం తెచ్చిన టీవీ ముందు ఆవిడే అతుక్కుపోయింది. ఏడున్నర సీరియల్లో ఒక కోడలు పిల్లను అత్త నానా హింసలూ పెడుతుంది. ఆ పిల్ల నీలంచీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే సుబ్బరత్నమ్మకు ఈ లోకం గుర్తుండేది కాదు. చేతుల పాటికి చేతులు టపటపా నొక్కుకుంటూ పోయేవి. చేట ఎప్పుడు ఖాళీ అయిందో, ఎవరు నింపారో కూడా తెలిసేది కాదు.

మూటలు మాత్రం చకచకా తరిగిపోయాయి. ఊళ్ళో అందరికంటే ముందు వాళ్ళింట్లో విత్తనం సిద్ధమైంది. "స్వామికార్యమూ అయింది, స్వకార్యమూ అయింది" అని ఆవిడ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. బయ్యన్న కూడా ఎద్దు సంగతి మరిచిపోయి పెళ్ళాం తెలివికి లోపల్లోపల మురిసిపోయాడు.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. నేల పదునెక్కింది. ఊరంతా ఒక్కపెట్టున గొర్రు కట్టింది. పక్కచేని గురప్ప కూడా ఆ రోజే విత్తాడు. వారం దాటాక గురప్ప చేను పచ్చగా సాళ్ళు కట్టింది. బయ్యన్న చేనులో సాలు కొంతదూరం పచ్చగా పోయి, బారెడు మేర బోడిగా ఉండి, మళ్ళీ నాలుగు మొక్కలు మొలిచి, మళ్ళీ బోడి. చేను పొడుగూతా అంతే. బయ్యన్న గొంతుక్కూర్చుని బోడిచోట వేలితో మట్టి తవ్వాడు. గింజ కుళ్ళి ఉంది. ఇంకోచోట తవ్వాడు. మొన విరిగిన గింజ. ఇంకోచోట బద్ద. ఇంకోచోట గింజే లేదు, ఉత్త డొల్ల.

గట్టు మీదనుంచి గురప్ప చూశాడు, బయ్యన్న వెనక నిలబడ్డ సుబ్బరత్నమ్మనూ చూశాడు. గురప్పకు వెటకారం పుట్టుకతో వచ్చింది.

"ఏమక్కా, నాకిప్పుడు అర్థమైంది! మొలిచినకాడ అడ్వటైజుమెంట్లు వచ్చినాయి, మొలవనికాడ సీరియలు వచ్చినాది. ఇంకొంచెం అడ్వటైజుమెంట్లు ఏసింటే మీ పంట పండిపోయేది గదా!"

ఈ మాట సాయంత్రానికి ఊరు చుట్టింది. మర్నాటికి ఆ చేనికి పేరు పడిపోయింది, సీరియల్ చేను. గొర్రెలవాళ్ళు కూడా "సీరియల్ చేను పక్కన మేపుతాండాం" అనేదాకా వచ్చింది. నవ్వినవాళ్ళలో ఆ చాపల మీద కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు, చూశారూ, అదీ లోకమంటే.

సుబ్బరత్నమ్మకు తల కొట్టేసినట్టయింది. తల కొట్టేసినప్పుడు మనిషి ఏం చేస్తుంది? ఇంకో తల వెతుక్కుంటుంది. మర్నాడు బోరింగు దగ్గర, బిందెలు వరసలో ఉండగా, అందరి ముందూ రహమత్‌బీ మీద పడింది.

"నువ్వే! వొలిచింది సగం, మింగింది సగం. ఇకిలిస్తా ఇకిలిస్తా నా విత్తనమంతా నాశనం చేసినావు. నిన్ను ఇంట్లోకి రానిచ్చినందుకు నా చెంప నేను కొట్టుకోవల్ల."

రహమత్‌బీ మామూలుగా ఒకటికి పది అనే మనిషి. ఆ రోజు నిండని బిందెను అలాగే చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఏడాది పొడుగునా ఆ రెండు గుమ్మాల మధ్య మాటల్లేవు.

బోడిచోట్లలో బయ్యన్న ఉలవలు చల్లాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టి ఉండేది. ఒకరోజు కలుపు తీస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"రాయదుర్గం నుంచి మా చిన్నాయన కొడుకు రమ్మంటాండాడే. ఆడ ప్యాంట్లు కుట్టే యూనిట్లలో పని దొరుకుతాదంట. మన చేను ఏడాదికింతని గుత్తకు గురప్ప అడుగుతాండాడు. వచ్చే ఏడు కూడా ఇట్లే మొలిస్తే ఇచ్చేసి పోదాం."

"ఈ చేను గురప్పకా?"

"వాన మన చేతిలో లేదు. విత్తనమన్నా మన చేతిలో ఉండాదనుకుంటిమి. అదీ లేకుంటే ఇంక సేద్యమెందుకు?"

ఆవిడ తన సాలులో కలుపు పీకుతూ ముందుకు జరిగింది. సాలు చివర బయ్యన్న ఇంకోటి అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

"ఇంతకీ ఆ పిల్ల కథ ఏమైందే?"

సుబ్బరత్నమ్మ చెప్పడానికి నోరు తెరిచింది. ఆ పిల్ల పేరు గుర్తు రాలేదు. అత్త ఎందుకు కక్ష కట్టిందో గుర్తు రాలేదు. నీలంచీర గుర్తుంది, ఏడుపు గుర్తుంది, అంతే. రోజూ పొద్దుగుంకిన కాడ్నించీ కూర్చుని చూసిన కథలో ఒక్క ముక్క మిగల్లేదు. చేను పోతే పోయింది, వానా పోతుంది, మిడతా తింటుంది. కానీ అన్ని సాయంత్రాలు ఎవరు తిన్నారు? దొంగ ఇంట్లో పడ్డాక పోయినదేదో కూడా తెలియకపోతే, వాడినేమని తిట్టాలి?

ఆ రోజే టీవీ చూడనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నాలుగు పొద్దులు కూడా నిలవలేదు. మనసు గట్టిదే, కానీ ఏడున్నరకు పాట మొదలైతే కాళ్ళు వాటంతటవే పోయేవి. తిట్టుకుంటూ చూసింది, చూస్తూ తిట్టుకుంది. ఆ ఏడు అలా గడిచింది.

మళ్ళీ ఎండలు ముదిరాయి. విత్తనపు మూటలు దింపాల్సిన రోజులొచ్చాయి. సుబ్బరత్నమ్మ ఈసారి ఒక పథకం వేసింది. పోయినేడు విత్తనం చెడగొట్టిన చెయ్యి ఎవరిదో నిక్కచ్చిగా తేల్చాలి. తేల్చి ఆ చేతిని గుమ్మం తొక్కనివ్వకూడదు. రహమత్‌బీ చెయ్యేనని ఆవిడకు నమ్మకం. అయినా రుజువు ఉంటే నోరు ఇంకా గట్టిగా లేస్తుంది కదా.

ఒక సాయంత్రం ఎప్పట్లాగే టీవీ పెట్టి చేటలు పంచింది. హుస్సేన్ బాషాతో చెప్పించి రహమత్‌బీని కూడా రప్పించింది. మొగుడి మాట తీసెయ్యలేక ఆమె వచ్చి గోడవారనే కూర్చుని ఒలిచింది. సీరియల్ అయ్యాక ఎవరి గింజలు వాళ్ళ చేటలోంచే పిడికెడు తీసి, పాతచీర పేలికల్లో విడివిడిగా మూటలు కట్టింది. పచ్చపేలిక సిద్దమ్మవ్వది, ఎర్రది రహమత్‌బీది, పూలది తనది, ఇలా గుర్తులు పెట్టుకుంది. అన్నిటినీ తడిపి, తడిగోనెలో చుట్టి, చీకటిమూలలో పెట్టింది. రోజూ నీళ్ళు చిలకరించింది. గింజకు టీవీ తెలియదు, చుట్టరికం తెలియదు. అది మొలుస్తుంది, లేకపోతే లేదు.

మొలకలు వచ్చే వేళకు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోనె విప్పింది. ముందు పచ్చపేలిక విప్పింది. సిద్దమ్మవ్వ గింజలు దాదాపు అన్నీ తెల్లటి మొలక వేశాయి. కళ్ళు కనపడని ముసలమ్మ వేళ్ళతో చూసి ఒలిచింది మరి. తర్వాత ఎర్రపేలిక విప్పింది. విప్పేటప్పుడే తిట్లు నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. రహమత్‌బీ గింజలు కూడా మొలిచాయి. ఒకటీ అరా తప్ప అన్నీ మొలిచాయి. మిగతా పేలికలు కొన్ని బాగు, కొన్ని ఓ మోస్తరు. చివరికి పూలపేలిక మిగిలింది.

అందులో మొలకల కంటే కుళ్ళే ఎక్కువ. మొనలు విరిగినవి, పొర ఊడినవి, బద్దలు. ఒక గవ్వంత రాయి కూడా ఉంది.

సుబ్బరత్నమ్మ ఆ పేలిక ఒళ్ళో పెట్టుకుని నేలమీద చతికిలబడింది. గురివింద తన కింద నలుపెరగదని ఎన్నిసార్లు ఎంతమందిని అని ఉంటుంది! అందరికంటే ముందు కూర్చున్నది తను. అందరికంటే ఎక్కువ ఒలిచింది తను. చేను బోడి చేసిన చెయ్యి ఇదిగో, ఒళ్ళో ఉంది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఆ సిగ్గులోంచే మెల్లగా ఇంకో సంగతి కూడా తట్టింది. తప్పు తన చేతిదే అయితే, దిద్దుకోవడమూ తన చేతిలోనే ఉంది. ఎవరి గడపా తొక్కి బతిమాలనక్కర్లేదు.

కానీ ఒక్క గడప తొక్కాలి. లేచి పక్కింటికి పోయింది. రహమత్‌బీ రొట్టెలు కాలుస్తోంది.

"రహమతూ, నీ గింజలన్నీ మొలిచినాయి. నావే మొలవలేదు. పోయినేడు తప్పు నాది, నిన్నన్నాను."

రహమత్‌బీ రొట్టె తిప్పింది. తల తిప్పలేదు.

"అన్నది యాడక్కా?"

"బోరింగు కాడ."

"చెప్తాండేది యాడ?"

సుబ్బరత్నమ్మకు అర్థమైంది. తిరిగి వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే బోరింగు దగ్గరికి పోయింది. బిందె తీసుకుపోలేదు, రెండు పేలికలు తీసుకుపోయింది. ఆడవాళ్ళంతా చేరేదాకా నిలబడి, ఎర్రదీ పూలదీ విప్పి గట్టు మీద పరిచింది. ఆ పెద్ద గొంతుతోనే, పోయినేడు తిట్టిన గొంతుతోనే చెప్పింది.

"ఇవి రహమత్‌బీ వొలిచినవి. ఇవి నేను వొలిచినవి. చూడండి, అందరూ చూడండి. ఆ యమ్మను ఈడనే నిలబెట్టి అన్నాను. తప్పయింది. చేను బోడి చేసింది నేను. ఇంక సీరియల్ చేను అనేవాళ్ళు నా మొగం మీదనే అనొచ్చు."

నవ్వుదామనుకున్నవాళ్ళకు నవ్వు రాలేదు. రహమత్‌బీ వరసలో వెనక నిలబడి అంతా విన్నది. బిందె నింపుకుని పోయింది. పోతూ పోతూ "మూటలు ఇంకా దింపల్యాదా అక్కా?" అని మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నం సుబ్బరత్నమ్మ ఒక పాత గోనెసంచి తెచ్చి టీవీకి తొడిగింది. ఒట్లు నిలవవని ఆవిడకు ఇప్పుడు తెలుసు. అందుకని దబ్బనం, పురికొస తీసుకుని, మూటకు మూతి కుట్టినట్టు సంచి మూతిని గట్టిగా కుట్టేసింది. సాయంత్రం వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేంది మే, టీవీని మూట కట్టినావు? సంతకేమైనా తోలుతాండావా?" అంది ఒకావిడ.

"విత్తనం చేనికి పోయినంక విప్పుతా. అంతవరకూ ఈ ఇంట్లో కళ్ళు కాయల మీదనే."

"ఉత్తపుణ్యానికి వొలిచేకి మేమేమన్నా కూలోళ్ళమా?"

"కాదు. మీ కాయలకు నేనొస్తా, నా కాయలకు మీరు రాండి. పాత పద్ధతే."

ముందు వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఏడున్నర దగ్గర పడుతోందని తొందరపడి ఇంకో టీవీ ఇంటికి పోయారు. ఒక్కరూ మిగల్లేదు. బయ్యన్న వార్తల కోసం వచ్చి, గోనెను చూసి, పెళ్ళాం మొహం చూసి, వచ్చినట్టే బయటికి పోయి మంచం వేసుకున్నాడు.

మర్నాటినుంచి ఆవిడ పద్ధతి మార్చింది. సాయంత్రం మసక వెలుతురులో కాదు, పొద్దున వెలుగులోనే పశువుల పాక ముందు చాప పరిచి కూర్చుంది. ఒక్కో కాయ తీసి, చూసి, నొక్కి, గింజ రెండువైపులా తిప్పి చూసి వేసింది. అనుమానమున్న గింజను గానుగకు పోయే గింజల డబ్బాలోకి విసిరింది. నడుము పట్టేసింది. బొటనవేలి చర్మం లేచిపోతే పేలిక చుట్టుకుంది. కానీ మూట కొండలా ఉంది, చేట చిప్పలా ఉంది. ఇలా అయితే వాన వచ్చేనాటికి సగం కూడా తెమలదు. సగం చేను బీడు పెడితే బయ్యన్న రాయదుర్గం బస్సెక్కక మానడు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా వేలు ఇంకా గట్టిగా నొక్కింది, అంతలోనే గింజ చిట్లుతుందని తనను తాను తిట్టుకుని మెత్తగా నొక్కింది.

ఒకరోజు రహమత్‌బీ తన చేట తానే తెచ్చుకుని వచ్చి చాప మీద కూర్చుంది.

"ఉత్తగా నోరు మూసుకొని వొలచల్లంటే నా వల్ల కాదక్కా. నిన్న సీరియల్లో ఏమైందో చెప్తా, విను. చేతులు మాత్రం చూసుకో."

చెప్పడమంటే రహమత్‌బీదే చెప్పడం. అత్త గొంతు వేరు, కోడలి గొంతు వేరు, మధ్యలో తన తిట్లు వేరు. చెవులు కథ మీద, కళ్ళు కాయ మీద. సుబ్బరత్నమ్మకు ఇదే కదా తనకు కావాల్సింది అనిపించింది. పక్కవీధికి వినిపించేట్టు నవ్వుతున్నారంటే ఊళ్ళో ఊరుకుంటారా? మొదట సిద్దమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తర్వాత ఒకరూ, ఇంకొకరూ. ఎవరి చేట వాళ్ళు తెచ్చుకున్నారు. గింజ చిట్లితే సుబ్బరత్నమ్మ మొహమాటం లేకుండా తీసి అవతల పారేసేది, తనదైనా సరే, ఇంకొకరిదైనా సరే. ఒకరి మూట అయ్యాక ఇంకొకరి ఇంటి ముందు చాప పడింది. కథ చాప వెంట పోయింది.

కొన్నాళ్ళకు సిద్దమ్మవ్వకు అనుమానం వచ్చింది. ఆమె సాయంత్రాలు ఇంకో ఇంట్లో టీవీ మాటలు వింటూనే ఉంది.

"ఏం మే రహమతూ, టీవీలో ఆ పిల్ల వంటింట్లో ఇంకా ఏడుస్తానే ఉండాది. నువ్వు చూస్తే అత్తను జైల్లో ఏసి, ఆ పిల్ల చేత అంగడి కూడా పెట్టిస్తివే?"

"నేను సీరియల్ చూసేది ఎప్పుడో ఇడిసిపెట్టినాను అవ్వా," అంది రహమత్‌బీ. "ఎన్నాళ్ళు ఏడిపిస్తారు ఆ పిల్లను? వాళ్ళకు పనిలేదు, నాకుండాది."

పాక ముందు నవ్వులతో కోళ్ళు చెదిరిపోయాయి. అప్పటికి కథ ఎవరిదైతేనేం, కోడలు అంగడి పెట్టుకున్నదే అందరికీ నచ్చింది.

ఆరుద్ర చివర్లో మబ్బు పట్టేనాటికి సుబ్బరత్నమ్మ ఇంట్లో ఒలవాల్సిన కాయ మిగల్లేదు. వాన పడింది. బయ్యన్న గొర్రు కట్టాడు, ఆవిడే వెనక నడుస్తూ గింజలు వేసింది. అరచేతిలోంచి జారే ప్రతి గింజనూ చూసింది. మొలిచే రోజుల్లో చేనుకు పోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. బయ్యన్నే పోయాడు. ఎంతకీ తిరిగి రాలేదు. ఇంక ఆగలేక కొంగు బిగించి పరిగెత్తుకుంటూ పోయింది.

బయ్యన్న చేనులో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు. బోడిచోటు ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. సాళ్ళు గీత గీసినట్టు మొలిచాయి. గురప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు. నోట్లో బీడీ ఉంది, మాట లేదు. ఆవిడ గట్టు మీద కూర్చుని కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. సీరియల్లో పిల్ల కోసం ఎప్పుడూ అంత ఏడవలేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ అనంతపురం నేల మీద ఏ కథా మొలకతో ఆగదు. పుబ్బ కార్తెలో వాన మొహం చాటేసింది. కాయ కట్టడానికి ఊడలు మట్టిలోకి దిగాల్సిన రోజుల్లో నేల రాయైపోయింది. ఊరందరికీ సగం పంటే వచ్చింది, గురప్పకూ అంతే, బయ్యన్నకూ అంతే. ఎవరూ ఎవర్నీ వెక్కిరించలేదు. సుబ్బరత్నమ్మకు దుఃఖం లేదని కాదు. కానీ పోయినేటి దుఃఖం లాంటిది కాదిది. "వాన చేసిన దానికి వాననే అడగల్ల. నా చేతి పని నేను చేసినాను" అని ఊరుకుంది.

కళ్ళంలో కాయలు మూటలకెత్తారు. ఉన్నవే తక్కువ. వ్యాపారి తక్కెడ వేలాడదీశాడు. గురప్ప వచ్చి పక్కన కూర్చుని, వెటకారం లేకుండానే, మెల్లగా అడిగాడు.

"ఏమన్నా, పంట ఇట్లాయె. రాయదుర్గం పోతాండామంటిరి. గుత్త మాట ఏమి చేసినావు?"

సుబ్బరత్నమ్మ చేట ఊపడం ఆపింది. మొగుడి వంక చూడలేదు, కాళ్ళ కింద పడి ఉన్న కాయల వంక చూసింది. పోదామంటే ఏమంటుంది? ఇంత తక్కువ పంట మీద ఉందామని ఏ మొహంతో అంటుంది?

బయ్యన్న వరసలోంచి గట్టి కాయల మూట ఒకటి వెతికి, భుజానికెత్తుకుని, తక్కెడ దాటించి అవతల దింపాడు.

"ఇది తూకానికి కాదప్పా," అన్నాడు వ్యాపారితో. "మా ఆడమనిషి విత్తనం."

సుబ్బరత్నమ్మ చేట కింద పెట్టి లేచింది.

"ఒకటి యాడికి చాలుతాది?" అంది. "ఇంకోటి కూడా దింపు."